తెల్లగా మొలిచిన వరి నారులో ఇంట్రాన్ల స్ప్లైసింగ్ దెబ్బతిందో లేదో తేల్చడం ఎలా?

ఆకుమడి పోసిన వారం పది రోజులకు పచ్చటి నారు మధ్య అక్కడక్కడా తెల్ల మొక్కలు లేస్తాయి. రైతు వాటిని పట్టించుకోడు, ఉభాల నాటికి అవే చచ్చిపోతాయి. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లలు మాత్రం అక్కడే ఆగిపోతారు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు చదువుకునే మన తెలుగు పిల్లలు ఖరీఫ్ మొదలైందంటే చాలు, ఒకటే ప్రశ్న: "ఇది స్ప్లైసింగ్ మ్యూటెంటేనా? మా ల్యాబ్‌లో ఉన్న సామానుతో చూడొచ్చా?"

చూడొచ్చు. మామూలు పీసీఆర్ మిషను, జెల్ ట్యాంకు ఉంటే సగం పైగా పని అయిపోతుంది. కొత్తవాళ్లకు ఒక ముక్క: జీన్ నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ మధ్యలో అడ్డుగా ఉండే భాగం ఇంట్రాన్, దానికి అటూ ఇటూ ఉండే పనికొచ్చే భాగాలు ఎక్సాన్లు. ఇంట్రాన్‌ను కోసేసి ఎక్సాన్లను అతకడమే స్ప్లైసింగ్. క్లోరోప్లాస్ట్‌లో, అంటే కణంలో పచ్చదనాన్ని మోసే భాగంలో, అది జరగకపోతే ఆకు తెల్లబడొచ్చు. జీన్ చెడి అలా అయిన మొక్కే స్ప్లైసింగ్ మ్యూటెంట్. కానీ ఒక సంగతి ముందే చెప్పాలి. తెల్ల మొక్కలో అతకని ఆర్‌ఎన్‌ఏ కనబడటం వేరు, అది అతకకపోవడం వల్లే మొక్క తెల్లబడిందని చెప్పడం వేరు. చాలా థీసిస్‌లు ఈ రెంటినీ కలిపేసి వైవాలో ఇరుక్కుంటాయి. ఈ తేడా ఎక్కడ పట్టుకోవాలో 9వ మెట్టులో వివరంగా రాశాను. టైం లేకపోతే అదొక్కటైనా చదవండి.

థియరీ ఎంత అవసరమో అంతే చెబుతాను. వరి క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ పొడవు 1,34,525 బేస్‌లు. దాన్ని 1989లోనే పూర్తిగా చదివేశారు. అందులో గ్రూప్-2 రకం ఇంట్రాన్లు 17, గ్రూప్-1 రకం ఒక్కటి ఉన్నాయి. బ్యాక్టీరియాలోని కొన్ని గ్రూప్-2 ఇంట్రాన్లు పరీక్షనాళికలో ప్రోటీన్ సాయం లేకుండానే తమను తాము కోసుకుని బయటపడతాయి. మొక్కల ఇంట్రాన్లకు ఆ సత్తా పోయింది. అందుకని న్యూక్లియస్ జీన్ల నుంచి తయారై క్లోరోప్లాస్ట్‌లోకి చేరే ప్రోటీన్లు దగ్గరుండి ఆ పని చేయించాలి. సీఆర్‌ఎస్1, సీఆర్‌ఎస్2, సీఏఎఫ్1, సీఏఎఫ్2, పీపీఆర్ కుటుంబం వాళ్లు, ఇంకా చాలామంది. వీటిలో ఎక్కువ భాగాన్ని మొక్కజొన్నలో పట్టుకున్నది ఒరెగాన్ విశ్వవిద్యాలయంలోని ఆలిస్ బార్కన్ బృందం. మ్యాట్‌కే అనే ప్రోటీన్ ఒక్కటే క్లోరోప్లాస్ట్‌లోనే పుడుతుంది. ఆ ఒక్కటే తర్వాత మనల్ని తికమక పెట్టేది కూడా, గుర్తుంచుకోండి.

కావలసినవి

- ఒకే తల్లి కంకి నుంచి వచ్చిన తెల్ల మొక్కలు, పచ్చ మొక్కలు. ఒకే రోజు మొలిచినవి, ఒకే ట్రేలో పెరిగినవి.
- ద్రవ నైట్రోజన్, లేదా ఆకును ఆర్‌ఎన్‌ఏ చెడకుండా నిలవుంచే ద్రావణం.
- ట్రైజాల్ లాంటి రీఏజెంట్, క్లోరోఫాం, ఐసోప్రొపనాల్, 75 శాతం ఇథనాల్, ఆర్‌ఎన్‌ఏజ్ లేని నీళ్లు.
- డీఎన్‌ఏజ్-1, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, రాండమ్ హెక్సామర్లు, ట్యాక్ పాలిమరేజ్.
- ప్రైమర్లు, అంటే పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు. ఆర్డరిచ్చాక ఒడిశా సరిహద్దు ఊళ్లకు చేరడానికి రోజులు పడుతుంది కాబట్టి 6వ మెట్టు ముందే చదివి ఆర్డర్ పెట్టేయండి.
- అన్నభేది, నిమ్మ ఉప్పు. నవ్వకండి, మొదటి మెట్టు వీటితోనే.

1. ముందు అన్నభేది, తర్వాతే ట్రైజాల్

తెల్లబడ్డ ప్రతి మొక్కా మ్యూటెంట్ కాదు. మెట్ట ఆకుమళ్లలో ఇనుము అందకపోతే లేత ఆకులు పసుపై, ముదిరితే పూర్తిగా తెల్లబడతాయి. మడి ఎలా ఉందో చూడండి. ఒక మూల మొత్తం తెల్లబడితే నేల మీద అనుమానం పడాలి. పచ్చ మొక్కల మధ్య ఒంటరిగా, చెదురుమదురుగా కనబడితే జీన్ మీద. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట కొన్ని మొక్కల మీద పిచికారీ చేయండి. నాలుగైదు రోజుల్లో కొత్త ఆకు పచ్చగా వస్తే మీ ప్రాజెక్టు అక్కడితో ముగిసినట్టే. రైతుకు మాత్రం మేలు జరిగింది.

క్లోమజోన్ లాంటి కలుపు మందులు కూడా ఆకును తెల్లగా మార్చేస్తాయి. పక్క మడిలో ఏం కొట్టారో అడగండి.

మూడోది చలి. కోరాపుట్ పీఠభూమిలో చలికాలం పోసిన నారు తెల్లబడి, ఎండ ముదిరాక తిరిగి పచ్చబడటం కద్దు. దీన్ని తోసిపారేయకండి. స్ప్లైసింగ్‌కు సాయపడే ప్రోటీన్ సగం దెబ్బతిన్న మ్యూటెంట్లలో కొన్ని కూడా ఇలాగే 20 డిగ్రీల దగ్గర తెల్లగా, 30 దగ్గర పచ్చగా ఉంటాయి. కనుక అదే విత్తనాన్ని రెండు ఉష్ణోగ్రతల్లో మొలిపించండి. పక్కనే మామూలు రకం కూడా వేయండి. చలికి మామూలు రకం కూడా తెల్లబడితే అది వాతావరణం. మీ విత్తనం ఒక్కటే తెల్లబడితే ముందుకు వెళ్లొచ్చు.

2. లెక్క పెట్టండి, విత్తనం దాచండి

పూర్తి తెల్ల మొక్క గింజలోని పిండి ఉన్నంత వరకే బతుకుతుంది. మూడు నాలుగు ఆకులయ్యాక ఇక లేవదు, దానికి కంకి రాదు. అందుకని విత్తనం దాని పచ్చ తోబుట్టువుల్లోనే ఉంటుంది. లోపం న్యూక్లియస్ జీన్‌లో, రెండు కాపీలూ చెడితేనే బయటపడే రకమైతే, ఆ పచ్చ మొక్కల్లో మూడింట రెండు వంతులు లోపాన్ని మోస్తుంటాయి. ప్రతి పచ్చ మొక్క కంకినీ వేరే కవరులో కోయండి. అన్నీ కలిపి ఒక సంచిలో పోశారా, వచ్చే ఏడు మళ్లీ మొదటికే.

ఒక్కో కవరు నుంచి వందకు తగ్గకుండా గింజలు మొలకెత్తించి లెక్కపెట్టండి. ఉదాహరణకు 120 మొలిచి 26 తెల్లగా ఉన్నాయనుకోండి. 3:1 (మూడు పచ్చకు ఒక తెల్ల) ప్రకారం తెల్లవి 30 రావాలి. కై-స్క్వేర్ విలువ దాదాపు 0.71 వస్తుంది. 3.84 కంటే తక్కువ కనుక 3:1 కుదిరినట్టే. మొలవని గింజల్ని కూడా విడిగా రాయండి. తెల్ల మొక్కలు సరిగ్గా మొలవకపోతే నిష్పత్తి తప్పుతుంది, కారణం తెలియక తల పట్టుకుంటారు.

తెల్లదనం తల్లి వైపు నుంచే వస్తూ, తండ్రి మొక్క ఏదైనా మారకపోతే లోపం క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏలోనే ఉండొచ్చు. అప్పుడు సాయపడే ప్రోటీన్ల కోసం వెతకడం దండగ.

జయపురం చుట్టుపక్కల నాటు రకాల మీద పనిచేసేవాళ్లకు ఒక మాట. విత్తనం ఇచ్చిన రైతు పేరు, ఊరు మీ నోటుబుక్కులో ఉండాలి, ఆయన అనుమతి ఉండాలి. రకాల మీద రైతుకు ఉన్న హక్కుల్ని 2001 నాటి చట్టం గుర్తించింది. పేపర్ రాసేటప్పుడు పరుగులు పెట్టకుండా ముందే అడిగేయండి.

3. ఆకు కోయడం

ఒకే వయసు, ఒకే ఆకు, ఆకులో ఒకే భాగం. వరి ఆకు మొదట్లో లేత కణాలు, కొసన ముదురు కణాలు ఉంటాయి. క్లోరోప్లాస్ట్ ఎదిగే కొద్దీ స్ప్లైసింగ్ తీరు కూడా మారుతుంది. పచ్చ మొక్క కొసనూ తెల్ల మొక్క మొదలునూ పోల్చి "తేడా ఉంది" అంటే, ఆ తేడా ఎక్కడిదో ఎవరు చెప్పాలి? రెండో ఆకు మధ్య భాగం, 100 మిల్లీగ్రాములు, ఉదయం ఒకే గంటలో కోయండి. తెల్లవి కనీసం మూడు వేర్వేరు మొక్కలు, పచ్చవి మూడు. ఒకే మొక్క ఆకును మూడు ట్యూబుల్లో వేస్తే అవి మూడు నమూనాలు అవ్వవు.

ద్రవ నైట్రోజన్ దొరకడం లేదనే వాళ్లు జిల్లా పశువైద్యశాలలో అడిగి చూడండి. కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం స్ట్రాలను అందులోనే ఉంచుతారు. మీ గైడ్ సంతకంతో లెటర్ పట్టుకెళ్తే పని సులువవుతుంది. మూత బిగించిన పాత్రలో ఎప్పుడూ పోయకండి, పేలుతుంది. అద్దాలు మూసిన కారులో, ఆటోలో తేకండి, ఊపిరాడదు. అది కుదరకపోతే ఆకును సన్నగా తరిగి నిలవద్రావణంలో ముంచండి. వరి ఆకుకు మైనం పూత ఉంటుంది, ముక్క పెద్దదైతే ద్రావణం లోపలికి పోదు.

4. ఆర్‌ఎన్‌ఏ తీయడం, జెల్ మీద ఒకసారి చూడటం

పద్ధతి మామూలే. 100 మిల్లీగ్రాముల పొడికి 1 మిల్లీలీటరు ట్రైజాల్, 200 మైక్రోలీటర్ల క్లోరోఫాం, 4 డిగ్రీల దగ్గర 12,000 జీ వేగంతో 15 నిమిషాలు. పై పొరలో మూడో వంతు వదిలేసి మిగతాది తీసుకోండి. అత్యాశతో మధ్య పొరను తాకితే డీఎన్‌ఏ కూడా వచ్చేస్తుంది. ట్రైజాల్‌లో ఫినాల్ ఉంది, చర్మం కాలుతుంది. ట్రైజాల్ ఒలికిన చోట బ్లీచింగ్ ద్రావణం పోయకండి, విషవాయువు వస్తుంది. సింకులోనూ పారబోయకూడదు.

తీసిన ఆర్‌ఎన్‌ఏను జెల్ మీద నడపడం చాలామంది ఎగ్గొడతారు, ఆర్‌ఎన్‌ఏ శుద్ధిని కొలిచే నానోడ్రాప్ మిషనులో 2.0 చూసి సంతోషపడిపోతారు. ఇక్కడ మాత్రం ఎగ్గొట్టకండి. పచ్చ ఆకు ఆర్‌ఎన్‌ఏలో పైన 25ఎస్, 18ఎస్ అనే రెండు లావు గీతలు, వాటి కింద సన్నగా మరికొన్ని గీతలు కనబడతాయి. కిందవి క్లోరోప్లాస్ట్ రైబోజోమ్‌వి: 16ఎస్, ఇంకా ముక్కలైన 23ఎస్. ఇప్పుడు తెల్ల ఆకు లేన్ చూడండి. పైన రెండు గీతలే ఉండి కింద ఖాళీగా ఉంటే, ఆ మొక్కలో క్లోరోప్లాస్ట్ రైబోజోములే లేవని అర్థం. కిందివి ఉండి కాస్త పలుచబడితే అది వేరే కథ. ఈ ఫోటోను జాగ్రత్తగా దాచండి, 9వ మెట్టులో దీనితోనే పని.

అక్టోబరులో తుఫాను కబురు వస్తే కరెంటు ఎన్ని రోజులు పోతుందో చెప్పలేం. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎలా అతలాకుతలమైందో ఆ పక్క వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ సీజన్‌లో ఆర్‌ఎన్‌ఏను నీళ్లలో కరిగించి ఫ్రీజర్‌ను నమ్ముకోకండి. ఇథనాల్‌లో అవక్షేపంగానే ఉంచండి, లేదా వెంటనే సీడీఎన్‌ఏ (రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌తో ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసిన డీఎన్‌ఏ నకలు) చేసేయండి.

5. డీఎన్‌ఏను వదిలించుకోవడం

మామూలు న్యూక్లియస్ జీన్ల పనిలో ఇంట్రాన్ సైజు బ్యాండ్ కనబడితే "డీఎన్‌ఏ కలిసింది" అని తేలిగ్గా తెలిసిపోతుంది. ఇక్కడ తలకిందులు. మనం వెతికే అతకని ఆర్‌ఎన్‌ఏ బ్యాండూ, కలిసిపోయిన డీఎన్‌ఏ బ్యాండూ సరిగ్గా ఒకే సైజు. పైగా ఒక్కో ఆకు కణంలో క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ కాపీలు వేలల్లో ఉంటాయి, రవ్వంత మిగిలినా చాలు.

1 మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏకు 1 యూనిట్ డీఎన్‌ఏజ్, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, తర్వాత ఈడీటీఏ వేసి 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. ఆ తర్వాత ప్రతి నమూనాకూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబ్ ఒకటి పెట్టండి. ఒక్క నమూనాకు పెట్టి "మిగతావీ అంతే" అనుకోవద్దు. ఆ ట్యూబ్‌లో బ్యాండ్ వస్తే డీఎన్‌ఏజ్ మళ్లీ చేయాల్సిందే. రెండోసారి కూడా వస్తే నీళ్లు, ప్రైమర్లు, పిపెట్ అన్నీ అనుమానించండి. వట్టి నీళ్ల లేన్ అందుకే పెడతాం.

6. ప్రైమర్లు ఎక్కడ పెట్టాలి

ఎన్‌సీబీఐ అనే ఆన్‌లైన్ సీక్వెన్స్ భండారంలో వరి క్లోరోప్లాస్ట్ సీక్వెన్స్ ఎన్‌సీ_001320 తెరవండి. ముందున్న ఎక్సాన్‌లో ఒక ప్రైమర్, వెనకున్న ఎక్సాన్‌లో ఒకటి. ఎక్కువ ఇంట్రాన్లు 600 నుంచి 1,000 బేస్‌ల మధ్య ఉంటాయి కాబట్టి అతికిన బ్యాండ్ 200–300 దగ్గర పడేలా చూసుకుంటే, అతకని బ్యాండ్ వెయ్యి అటూ ఇటూగా వస్తుంది. మామూలు 1.5 శాతం అగరోజ్ మీద రెండూ చక్కగా విడిపోతాయి.

మొదటి విడతకు ఏటీపీఎఫ్, ఆర్‌పీఎల్2, ఎన్‌డీహెచ్‌ఏ, ఎన్‌డీహెచ్‌బీ, ఆర్‌పీఎస్16 జీన్ల ఇంట్రాన్లు, వైసీఎఫ్3 జీన్‌లోని రెండు ఇంట్రాన్లు చాలు. తడబడే చోట్లు ఇవి:

పెట్‌బీ, పెట్‌డీ. పెట్‌బీ మొదటి ఎక్సాన్ 6 బేస్‌లు, పెట్‌డీది 8. అందులో ప్రైమర్ పట్టదు. ఆ జీన్ ముందున్న భాగంలోకి వెళ్లాలి. ఈ జీన్లు ఒకే ఆపెరాన్‌లో కలిసి చదవబడతాయి కాబట్టి పెట్‌బీకి పీఎస్‌బీహెచ్ వైపు నుంచి, పెట్‌డీకి పెట్‌బీ చివరి వైపు నుంచి ప్రైమర్ పెడితే పని జరుగుతుంది.

ఆర్‌పీఎస్12. దీని మొదటి ఎక్సాన్ ఒక చోట, మిగతాది జీనోమ్‌లో చాలా దూరంలో ఉంటుంది. రెండు వేర్వేరు ఆర్‌ఎన్‌ఏలు కలిసి అతుకుతాయి. కనుక ఈ మొదటి ఇంట్రాన్‌కు అతకని బ్యాండ్ ఎప్పటికీ రాదు, వస్తే అతికిన బ్యాండ్, లేదా ఖాళీ. "అతకని బ్యాండ్ లేదు కనుక బాగుంది" అని రాసేవాళ్లు ఏటా తగులుతూనే ఉంటారు.

టీఆర్‌ఎన్‌ఏ జీన్లు. ఎక్సాన్లు పొట్టివి, గట్టిగా ముడుచుకుని ఉంటాయి. ట్రన్‌కే ఇంట్రాన్ అయితే మ్యాట్‌కే జీన్‌ను కడుపులో పెట్టుకుని 2,500 బేస్‌ల దాకా ఉంటుంది. వీటిని నార్తర్న్ బ్లాట్‌తో చూడటం మేలు. మొదటి విడతలో వదిలేయండి.

ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ కూడా ఉంది. డీఎన్‌ఏలో సి ఉన్నచోట ఆర్‌ఎన్‌ఏలో యు రావొచ్చు. ప్రైమర్ చివరి బేస్‌లు అలాంటి చోట పడకుండా చూడండి.

7. సీడీఎన్‌ఏ: ఒలిగో-డీటీ వద్దు

ఇది అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు. ల్యాబ్‌లో ఉన్న కిట్ ఒలిగో-డీటీది, దానితోనే చేసేస్తారు, బ్యాండ్ సరిగ్గా రాదు, మ్యూటెంట్ అని సంబరపడతారు. ఒలిగో-డీటీ పట్టుకునేది పాలీ-ఏ తోకను. న్యూక్లియస్ ఆర్‌ఎన్‌ఏకు ఉండే ఆ తోక క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా ఆర్‌ఎన్‌ఏలకు ఉండదు. ఎక్కడైనా కనబడినా అది ఆ ఆర్‌ఎన్‌ఏను విరగ్గొట్టడానికి పెట్టిన గుర్తే. రాండమ్ హెక్సామర్లు గానీ, జీన్‌కు తగ్గ వెనుక ప్రైమర్ గానీ వాడండి. కొన్ని కిట్లలో రెండూ కలిపి ఇస్తారు, దానితోనూ సర్దుకోవచ్చు.

గ్రూప్-2 ఇంట్రాన్లు బాగా మడతలు పడి ఉంటాయి. 65 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడిచేసి వెంటనే ఐస్‌లో పెట్టండి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ 50 డిగ్రీలు తట్టుకునే రకమైతే మంచిది. 37 డిగ్రీల పాత ఎంజైమ్ ఆ మడతల దగ్గర ఆగిపోయి, అతకని ఆర్‌ఎన్‌ఏను తక్కువ చేసి చూపిస్తుంది.

8. పీసీఆర్, జెల్ చదవడం

94 డిగ్రీలు 30 సెకన్లు, 56–58 డిగ్రీలు 30 సెకన్లు, 72 డిగ్రీలు 90 సెకన్లు. సైకిళ్లు 24 నుంచి 28 లోపే. 35 సైకిళ్లు నడిపితే పొట్టి బ్యాండ్ పొడుగుదాన్ని మింగేసి అన్ని లేన్లూ ఒకేలా కనబడతాయి. 72 డిగ్రీల దగ్గర 20 సెకన్లే ఇస్తే వెయ్యి బేస్‌ల బ్యాండ్ పూర్తికాదు, మ్యూటెంట్ కూడా "బాగుంది" అన్నట్టు కనబడుతుంది. ఒకే నమూనాను 22, 25, 28 సైకిళ్ల దగ్గర తీసి చూస్తే ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది.

జెల్ మీద లేన్లు ఈ వరుసలో: మార్కర్, పచ్చ ఆకు, తెల్ల ఆకు, వాటి ఎంజైమ్ వేయని జోడీలు, పచ్చ ఆకు డీఎన్‌ఏ, వట్టి నీళ్లు. డీఎన్‌ఏ లేన్ వల్ల అతకని బ్యాండ్ ఎక్కడ ఉండాలో స్పష్టంగా తెలుస్తుంది.

పచ్చ ఆకులో కూడా పై బ్యాండ్ పలుచగా కనబడితే కంగారు పడకండి. ఆరోగ్యంగా ఉన్న మొక్కలో కూడా క్లోరోప్లాస్ట్ ఇంట్రాన్లు నూటికి నూరు శాతం తెగవు. చూడాల్సింది ఉందా లేదా అని కాదు, పై బ్యాండుకూ కింది బ్యాండుకూ ఉన్న నిష్పత్తి పచ్చ నుంచి తెల్లకు ఎంత మారిందని.

రెంటి మధ్య మూడో బ్యాండ్ వస్తే "కొత్త స్ప్లైసింగ్ రూపం" అని పేరు పెట్టేయకండి. అతికిన పోగు, అతకని పోగు ఒకదానికొకటి జతకట్టి మధ్యలో ఆగుతుంటాయి. ఆ బ్యాండ్‌ను కోసి సీక్వెన్స్ చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది. అతికిన బ్యాండ్‌ను కూడా ఒక్కసారైనా సీక్వెన్స్ చేయించి, అతుకు సరైన బేస్ దగ్గరే పడిందో లేదో చూసుకోండి.

క్యూపీసీఆర్ ఉంటే ఇంకా నిక్కచ్చిగా తేలుతుంది. అతుకు మీద కూర్చునే ప్రైమర్‌తో అతికినది, ఇంట్రాన్–ఎక్సాన్ సరిహద్దు ప్రైమర్‌తో అతకనిది కొలవండి. రెంటి నిష్పత్తి అదే జీన్‌లోపలిది కనుక, తెల్ల ఆకులో మొత్తం ఆర్‌ఎన్‌ఏ తగ్గినా లెక్క చెడదు. యాక్టిన్ లాంటి వేరే జీన్‌తో మాత్రమే పోల్చి "అతికిన ఆర్‌ఎన్‌ఏ తగ్గింది" అంటే, ఆ జీన్ చదవడమే తగ్గిందేమో అన్న ప్రశ్నకు జవాబుండదు.

9. కారణమా, ఫలితమా?

ఇక్కడ తొందరపడకండి.

మ్యాట్‌కే క్లోరోప్లాస్ట్‌లోనే తయారవుతుందని పైన చెప్పాను. అంటే దానికి క్లోరోప్లాస్ట్ రైబోజోములు కావాలి. ఏ కారణం చేతనైనా రైబోజోములు పోతే మ్యాట్‌కే పుట్టదు, దాని మీద ఆధారపడ్డ ఇంట్రాన్లు తెగవు. స్ప్లైసింగ్‌తో సంబంధమే లేని జీన్ చెడినా ఇదే జరుగుతుంది. బార్లీలో ఆల్బోస్ట్రియన్స్, మొక్కజొన్నలో ఐయోజాప్ అనే పాత మ్యూటెంట్ల తెల్ల ఆకుల్లో రైబోజోములు ఉండవు, కొన్ని ఇంట్రాన్లు అలాగే ఉండిపోతాయి.

ఏ ఇంట్రాన్లు? గ్రూప్-2ఏ అనే ఉపరకానివి: ఏటీపీఎఫ్, ఆర్‌పీఎల్2, ఆర్‌పీఎస్12 రెండోది, ఇంకా టీఆర్‌ఎన్‌ఏల్లో ట్రన్‌ఏ, ట్రన్‌ఐ, ట్రన్‌కే, ట్రన్‌వీ. మిగతా పది గ్రూప్-2బీ. ఇప్పుడు మీ ఫలితాల్ని ఈ రెండు గుంపులుగా విడదీసి చూడండి.

2ఏ గుంపు మూకుమ్మడిగా పోయి, 2బీ బాగానే ఉండి, 4వ మెట్టు ఫోటోలో కింది గీతలు ఖాళీగా ఉంటే, అసలు లోపం బహుశా రైబోజోముల వైపు. దెబ్బతిన్న జీన్ స్ప్లైసింగ్‌కు సాయపడే ప్రోటీన్‌ది అని రాయడానికి మీ దగ్గర ఆధారం లేదు.

2బీలో చాలా ఇంట్రాన్లు ఒకేసారి పోతే సీఆర్‌ఎస్2 వైపు చూడండి. మొక్కజొన్నలో పది 2బీ ఇంట్రాన్లలో తొమ్మిదింటికి అది కావాలి, వైసీఎఫ్3 రెండో ఇంట్రాన్ ఒక్కటే మినహాయింపు. సీఆర్‌ఎస్2 ఒంటరిగా పనిచేయదు. ఒక్కో ఇంట్రాన్ దగ్గర సీఏఎఫ్1తో గానీ సీఏఎఫ్2తో గానీ జతకడుతుంది. కనుక 2బీలో కొన్నే పోయి కొన్ని మిగిలితే ఈ జంటలో ఒకరు చెడి ఉండొచ్చు.

ఒకటి రెండు ఇంట్రాన్లే పోతే పీపీఆర్ లాంటి ప్రత్యేక ప్రోటీన్ మీద అనుమానం పడొచ్చు. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో వైసీఎఫ్3 రెండో ఇంట్రాన్‌కు ఓటీపీ51, మొక్కజొన్నలో ఆర్‌పీఎస్12 మొదటి ఇంట్రాన్‌కు పీపీఆర్4 ఉన్నాయి. మొక్కజొన్నలోనే ఏటీపీఎఫ్‌కు సీఆర్‌ఎస్1 ఉంది. అయితే ఏటీపీఎఫ్ 2ఏ గుంపుది కాబట్టి, అది ఒక్కటే పోయిందని చెప్పే ముందు ఆర్‌పీఎల్2 బాగుందని చూపించాలి. ఒక మొక్కలో ఫలానా ప్రోటీన్ ఒక్క ఇంట్రాన్‌కే పనిచేస్తే వరిలో కూడా అంతేనని గ్యారంటీ లేదు.

దీనికి విరుగుడుగా పెట్టాల్సిన కంట్రోల్ ఒకటుంది. పచ్చ తోబుట్టువు ఒక్కటే చాలదు, వేరే కారణంతో అంతే తెల్లబడ్డ మొక్క కూడా పక్కన ఉండాలి. రైబోజోములు పోయినట్టు తెలిసిన తెల్ల మ్యూటెంట్ విత్తనం ఏ ల్యాబ్ నుంచైనా దొరికితే అదే మేలు. అరబిడాప్సిస్ వాళ్లు విత్తనాన్ని స్పెక్టినోమైసిన్ మీద మొలిపించి తెల్లబరుస్తారు. ఆ చిట్కా వరికి వాడకండి, వరికి ఆ మందు పుట్టుకతోనే పెద్దగా పనిచేయదు. దానికి బదులు లింకోమైసిన్ ప్రయత్నించొచ్చు.

ఇంత చేసినా ఆ ప్రోటీన్ ఆ ఇంట్రాన్‌ను స్వయంగా పట్టుకుంటుందని తేలదు. దానికి యాంటీబాడీతో ప్రోటీన్‌ను లాగి, వెంట ఏ ఆర్‌ఎన్‌ఏ వచ్చిందో చూడాలి. మంచి జీన్‌ను తిరిగి పెడితే తెల్ల మొక్క పచ్చబడిందని కూడా చూపాలి. ఈ రెండూ మన వైపు చిన్న కాలేజీల్లో కష్టం, పెద్ద ల్యాబ్‌తో కలిసి చేయండి. అప్పటిదాకా థీసిస్‌లో "ఫలానా ఇంట్రాన్ల స్ప్లైసింగ్ తగ్గింది" అని మాత్రమే రాయండి. "ఫలానా ప్రోటీన్ ఈ ఇంట్రాన్‌ను కోస్తుంది" అని రాయకండి.

10. మొక్క పచ్చగానే ఉంది, ఎదగడం లేదు అంటే

అప్పుడు మైటోకాండ్రియా వైపు తిరగాలి. ఆలస్యంగా మొలవడం, గిడసబారడం, మొక్కజొన్నలో అయితే గింజే ముడతలు పడి చిన్నదవడం దీని లక్షణాలు. చూడాల్సిన జీన్లు ఎన్‌ఏడీ1, 2, 4, 5, 7, కాక్స్2, సీసీఎంఎఫ్‌సీ. ఎన్‌ఏడీ1, 2, 5లలో కొన్ని ఇంట్రాన్లు ఆర్‌పీఎస్12 లాగే దూరపు ముక్కల్ని అతికేవి, వాటికి అతకని బ్యాండ్ కోసం చూడకండి. ఇక్కడ ఎడిటింగ్ చోట్లు నాలుగొందలకు పైనే కాబట్టి ప్రైమర్ల దగ్గర రెట్టింపు జాగ్రత్త కావాలి. క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ ముక్కలు మైటోకాండ్రియా జీనోమ్‌లో చేరిపోయి ఉంటాయి. మీ ప్రైమర్ రెండు చోట్లా అతుక్కుంటుందేమో ఆర్డరిచ్చే ముందే బ్లాస్ట్‌లో వెతకండి.

సాయపడే ప్రోటీన్లలో ఎన్‌మ్యాట్1 నుంచి 4 దాకా నాలుగున్నాయి. పేరును బట్టే మ్యాట్‌కే బంధువులని తెలుస్తుంది, కానీ ఇవి న్యూక్లియస్ జీన్లు. రైబోజోములు పోయినందువల్ల ఈ నలుగురూ మాయమయ్యే బెడద లేదు. మ్యాట్‌ఆర్ మాత్రం మైటోకాండ్రియాలోనే, ఎన్‌ఏడీ1 నాలుగో ఇంట్రాన్ లోపల ఉంటుంది. ఆ ఇంట్రాన్ మీద పనిచేసేటప్పుడు మ్యాట్‌ఆర్ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కూడా కొలిచి పక్కన పెట్టుకోండి, గైడ్ అడిగే మొదటి ప్రశ్న అదే.